మాటతో డెస్క్‌టాప్ సర్దడం: లాగడం మానండి, పేరు పెట్టి పిలవండి

డెస్క్‌టాప్ మీద 140 ఐకాన్లు పేరుకుపోయాయనుకుందాం. అందులో 60 స్క్రీన్‌షాట్లు, 35 పీడీఎఫ్‌లు, 20 ప్రోగ్రాం షార్ట్‌కట్లు, మిగతా 25 ఏవేవో. మౌస్ చేతిలో ఉన్నవాళ్లు ఒక్కోదాన్ని పట్టుకుని ఫోల్డర్‌లోకి లాగేస్తారు. మణికట్టు నొప్పితోనో, చేతికి కట్టుతోనో, వేళ్లు సహకరించకో మౌస్ పట్టుకోలేనివాళ్లు ఇదే పని నోటితో చెయ్యాలని కూర్చుంటే మొదటి అరగంటలోనే విసుగొచ్చి వదిలేసే ప్రమాదం ఉంది. తప్పు వాళ్లది కాదు. చెయ్యి చేసే పనిని నోటితో అనుకరించబోవడంలోనే తిరకాసంతా ఉంది.

లెక్క వేసి చూడండి. విండోస్ 11లో మాటతో కంప్యూటర్‌ని నడిపే వసతి పేరు వాయిస్ యాక్సెస్. దానితో ఒక ఐకాన్‌ని లాగాలంటే ముందు "షో గ్రిడ్" అనాలి. తెర మీద 1 నుంచి 9 దాకా అంకెలున్న గళ్లు పరుచుకుంటాయి. ఐకాన్ ఉన్న గడి అంకె చెబితే ఆ గడి మళ్లీ తొమ్మిది ముక్కలవుతుంది. 1920 × 1080 తెర మీద మొదటి గడి 640 × 360 పిక్సెళ్లు. రెండో విడతకి 213 × 120. మూడో విడతకి 71 × 40, అంటే దాదాపు ఒక ఐకాన్ అంత. మూడు అంకెలతో గురి కుదిరింది. ఇప్పుడు "మార్క్" అనాలి. ఎక్కడికి చేర్చాలో ఆ ఫోల్డర్ కోసం ఇంకో మూడు అంకెలు. చివర "డ్రాగ్". ఒక్క ఫైలుకి 9 మాటలు. 60 స్క్రీన్‌షాట్లకి 540. ఇరవై మాటల్లో ఒకటి తప్పుగా వినపడిందనుకున్నా 27 తప్పులు. లాగడంలో తప్పంటే ఫైలు పక్క ఫోల్డర్‌లో పడిపోవడమే. ఏ ఫోల్డర్‌లో పడిందో కూడా చాలాసార్లు తెలియదు.

అదే 60 ఫైళ్లని పది పన్నెండు మాటల్లో కదిలించవచ్చు. ఎలాగో చెప్పేముందు యంత్రం మన మాటతో ఏం చేస్తుందో కాస్త తెలుసుకోవాలి. అది తెలిస్తే ఏది పనిచేస్తుందో, ఏది మొండికేస్తుందో ముందే ఊహించవచ్చు.

మాటకీ పనికీ మధ్య మూడు మెట్లు

మొదటి మెట్టు వినడం. మైకులోంచి వచ్చిన ధ్వనిని సాఫ్ట్‌వేర్ అక్షరాలుగా మారుస్తుంది. రెండో మెట్టు పోల్చడం. ఆ అక్షరాలు తనకు తెలిసిన కమాండ్లలో దేనికైనా సరిపోతాయా అని చూస్తుంది. "ప్రెస్", "క్లిక్", "ఓపెన్", "షో" లాంటి క్రియతో మొదలైతే కమాండ్ అని గుర్తిస్తుంది. లేకపోతే అది టైపు చెయ్యాల్సిన పాఠం అనుకుంటుంది. మూడో మెట్టు చెయ్యడం. తెర మీద ఏ బటన్ ఎక్కడుందో, దాని పేరేమిటో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక జాబితా ఉంచుతుంది. అంధులకు తెర చదివి వినిపించే ప్రోగ్రాములు వాడేదీ ఆ జాబితానే. వాయిస్ యాక్సెస్ ఆ జాబితాలో పేరు వెతికి, దొరికిన చోట నొక్కుతుంది.

చిక్కు ఏ మెట్టు దగ్గర వచ్చిందో గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం విసుగు తగ్గుతుంది. తెర పైన ఉండే వాయిస్ యాక్సెస్ పట్టీలో మీరన్న మాట అక్షరాల్లో కనిపిస్తుంది. అక్కడే తప్పుగా కనిపిస్తే వినడంలో లోపం, మైకు చూసుకోవాలి. సరిగ్గానే కనిపించి పని జరగకపోతే ఆ కమాండ్ మాట తీరు వేరే అయివుంటుంది. "వాట్ కెన్ ఐ సే" అంటే కమాండ్ల పట్టిక తెరుచుకుంటుంది. మాటా సరే, కమాండూ సరే, అయినా నొక్కాల్సినది నొక్కలేదంటే, ఆ ప్రోగ్రాం తన బటన్ల పేర్లు సిస్టమ్‌కి చెప్పలేదన్నమాట. గ్రిడ్ అక్కరకొచ్చేది అలాంటి చోటే. డెస్క్‌టాప్ ఐకాన్లకూ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ జాబితాకూ పేర్లు చక్కగా అందుతాయి కాబట్టి సర్దడానికి గ్రిడ్‌తో దాదాపు పని పడదు.

మాట బలం పేరులో ఉంది. తెర మీద ఫలానా చుక్క దగ్గరున్నదాన్ని ఫలానా చుక్కకి జరపమని నోటితో చెప్పడం కష్టం. ఫలానా పేరున్నదాన్ని ఫలానా చోట పెట్టమనడం తేలిక. అందుకే డెస్క్‌టాప్‌ని బొమ్మల బల్లలా చూడటం మానేసి, పేర్ల జాబితాలా చూడాలి. నిజానికి అది జాబితానే. సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ కింద, మీ ఖాతా పేరుతో ఉన్న ఫోల్డర్‌లో "డెస్క్‌టాప్" అనే మామూలు ఫోల్డర్ ఉంటుంది. తెర మీద మనం చూసేది దాని ముఖం.

కూర్చునే ముందు

వాయిస్ యాక్సెస్ 2022లో విండోస్ 11 22హెచ్2 అప్‌డేట్‌తో వచ్చింది. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన పాత స్పీచ్ రికగ్నిషన్ స్థానాన్ని ఇదే తీసుకుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో స్పీచ్, అక్కడ వాయిస్ యాక్సెస్ ఆన్ చెయ్యాలి. మొదటిసారి భాష ఫైలు డౌన్‌లోడ్ అవుతుంది, దానికి ఇంటర్నెట్ కావాలి. ఆ తర్వాత గుర్తింపు అంతా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తెలుగు ఎంపిక లేదు కాబట్టి కమాండ్లు ఇంగ్లీషులో చెప్పాలి. ఇంగ్లీషులో అమెరికా ఉచ్చారణకూ భారతీయ ఉచ్చారణకూ వేర్వేరు ఎంపికలున్నాయి. మీ పలుకుకి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. తప్పుల సంఖ్యలో తేడా వెంటనే తెలుస్తుంది.

మైకు గురించి ఎంత చెప్పినా తక్కువే. ల్యాప్‌టాప్ లోపలి మైకు నోటికి అరమీటరు దూరంలో ఉంటుంది, మధ్యలో ఫ్యాను చప్పుడు. తీగ ఉన్న హెడ్‌సెట్ మైకుని పెదవుల మూలకి రెండు మూడు సెంటీమీటర్లు పక్కగా, ఊపిరి నేరుగా తగలకుండా పెట్టండి. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో ఒక చిక్కుంది. మైకు వాడటం మొదలుపెట్టగానే అది ఫోన్‌కాల్ పద్ధతిలోకి మారుతుంది. అప్పుడు ధ్వని నాణ్యత పడిపోతుంది. పాత పరికరాల్లో సెకనుకి 8,000 నమూనాలు మాత్రమే పంపుతుంది. ఆ స్థాయిలో "స", "ఫ" లాంటి ఊదే హల్లుల తేడా చెరిగిపోతుంది. అప్పుడు "ఎస్" అన్నారో "ఎఫ్" అన్నారో యంత్రానికి నిజంగానే తెలియదు.

కమాండ్ పూర్తయిందని యంత్రం గ్రహించేది మీ నిశ్శబ్దాన్ని బట్టి. కాబట్టి ఒక కమాండ్‌ని ఒక్క ఊపిరిలో చెప్పి, చివర ఒక క్షణం ఆగాలి. "ప్రెస్... కంట్రోల్... ఎక్స్" అని విడివిడిగా అంటే మూడు ముక్కలుగా వింటుంది. రెండు కమాండ్లని ఆపకుండా గుప్పిస్తే రెండూ కలిసి ఏదో వాక్యం అనుకుంటుంది. గట్టిగా అరవడం, అక్షరం అక్షరం సాగదీయడం కూడా చేటే. మనుషులు మామూలుగా మాట్లాడే తీరు మీద శిక్షణ పొందిన యంత్రానికి సాగదీసిన మాట కొత్తగా ఉంటుంది.

ఇంకొకటి మొదటే చేసుకోవాలి. ఫైళ్లు సర్దుతున్నంత సేపూ వాయిస్ యాక్సెస్‌ని కమాండ్ మోడ్‌లో ఉంచండి. మామూలు మోడ్‌లో కమాండ్‌గా గుర్తించని మాటలు అక్షరాలుగా టైపవుతాయి. ఫైళ్ల జాబితాలో అక్షరం టైపయితే ఎంపిక ఆ అక్షరంతో మొదలయ్యే వేరే ఫైలు మీదకి దూకుతుంది. మీరు గమనించకుండా "ప్రెస్ డిలీట్" అన్నారంటే తెలియని ఫైలు పోతుంది. పేర్లు పెట్టేటప్పుడు, వెతికే మాట చెప్పేటప్పుడు మాత్రం మామూలు మోడ్‌కి రండి. ఎవరైనా పలకరించినా, ఫోన్ వచ్చినా "వాయిస్ యాక్సెస్ స్లీప్" అనండి; తిరిగి మొదలుపెట్టడానికి "వాయిస్ యాక్సెస్ వేక్ అప్".

నోటికి తిరిగే ఫోల్డర్ పేర్లు

ఫోల్డర్ల పేర్లు ఈ పనికి పునాది. ఇక్కడ ఐదు నిమిషాలు ఆలోచిస్తే తర్వాత గంటలు కలిసొస్తాయి. పేరు పలకడానికి రెండు మూడు అక్షరాల ఊపు ఉండాలి. ఒక్క గుక్కలో పోయే పొట్టి మాట అయితే పొరబాటు ఎక్కువ. ఒకదానికొకటి ప్రాస కలిసే పేర్లు పెట్టకండి. "బిల్స్", "బిల్డ్స్" పక్కపక్కన ఉంటే ప్రతిసారీ కొట్లాటే. "ఓపెన్ వర్క్", "క్లోజ్డ్ ఫైల్స్", "హోమ్" లాంటివి అసలొద్దు. అవి కమాండ్ల మాటలు, ఫోల్డర్ పేరు చెప్పారో పని చెప్పారో తెలియక యంత్రం తికమకపడుతుంది. "పిక్చర్స్", "డాక్యుమెంట్స్" కూడా విండోస్‌లో ముందే ఉన్న ఫోల్డర్ల పేర్లు కాబట్టి వాటిని మళ్లీ పెడితే "క్లిక్ డాక్యుమెంట్స్" అన్నప్పుడు రెండింటికీ అంకెలు వేసి ఏది కావాలని అడుగుతుంది. "స్క్రీన్ క్యాప్చర్స్", "పేపర్ వర్క్", "వెయిటింగ్ రూమ్" లాంటి పేర్లు నప్పుతాయి. ఐదారు ఫోల్డర్లు చాలు.

తెలుగు లిపిలో పేరు పెట్టిన ఫోల్డర్‌ని ఇంగ్లీషు వినికిడి పేరుతో పట్టుకోలేదు. దాన్ని అంకెతో మాత్రమే పిలవాలి. ఫోల్డర్ల పేర్లు మటుకు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, లోపలి ఫైళ్లకు తెలుగు పేర్లు ఉంచుకోవడం మంచి రాజీ.

ఈ ఫోల్డర్లని డెస్క్‌టాప్ మీద కాకుండా డాక్యుమెంట్స్ లోపల పెట్టండి. దీనికి గట్టి కారణం ఉంది, వెతికి ఎంచుకునే దగ్గర చెబుతాను. కొత్త ఫోల్డర్‌కి "ప్రెస్ కంట్రోల్ షిఫ్ట్ ఎన్" అనాలి. పేరు పెట్టే పెట్టె తెరుచుకుంటుంది. పేరు చెప్పి "ప్రెస్ ఎంటర్".

తర్వాత ఒక్కో ఫోల్డర్‌కి ఒక వాయిస్ షార్ట్‌కట్ చేసుకోండి. 2024 మొదట్లో వచ్చిన అప్‌డేట్‌తో వాయిస్ యాక్సెస్‌లో ఈ వసతి చేరింది. మీరు ఎంచుకున్న మాట అనగానే ఒక ఫోల్డర్ తెరవడం, కీలు నొక్కడం, ముందే రాసిపెట్టిన పాఠం అతికించడం, మధ్యలో కాస్త ఆగడం లాంటి పనుల్ని వరసగా పేర్చుకోవచ్చు. "పేపర్ వర్క్ తెరువు" అనే అర్థంలో మీకు నచ్చిన రెండు మాటల ఇంగ్లీషు పలుకు పెట్టుకోండి. ఒక్క మాట షార్ట్‌కట్లు మామూలు సంభాషణలో కూడా పేలుతుంటాయి. డెస్క్‌టాప్ ఫోల్డర్‌కి కూడా ఒకటి చెయ్యండి, పదేపదే వాడేది అదే.

కింది నుంచి పైకి

ఇక అసలు పని. డెస్క్‌టాప్ ఫోల్డర్‌ని షార్ట్‌కట్ మాటతో తెరవండి. "మాగ్జిమైజ్ విండో" అనండి. "ప్రెస్ కంట్రోల్ షిఫ్ట్ సిక్స్" అంటే జాబితా వివరాల రూపంలోకి మారుతుంది: పేరు, తేదీ, రకం, సైజు. "క్లిక్ టైప్" అంటే రకం వారీగా వరసకడుతుంది. పీడీఎఫ్‌లన్నీ ఒక గుంపు, స్క్రీన్‌షాట్ల బొమ్మలు ఒక గుంపు, షార్ట్‌కట్లు ఒక గుంపు.

ఇప్పుడు ఒక కిటుకు. మధ్యలోని గుంపుని మాటతో ఎంచుకోవడం కష్టం, ఎక్కడ మొదలు ఎక్కడ ఆఖరు అని రెండు చోట్లు చెప్పాలి. జాబితాలో అన్నిటికంటే కిందనున్న గుంపుకైతే ఆఖరు తెలిసిందే, జాబితా అక్కడితో అయిపోతుంది. అందుకని కింది నుంచి మొదలుపెట్టండి. "ప్రెస్ ఎండ్" అంటే అడుక్కి వెళ్తుంది. "షో నంబర్స్ హియర్" అంటే ఈ విండోలో ఉన్నవాటికి మాత్రమే అంకెలు పడతాయి. కింది గుంపులోని మొదటి ఫైలు అంకె చెప్పి క్లిక్ చెయ్యండి. "ప్రెస్ షిఫ్ట్ ఎండ్". ఆ ఫైలు నుంచి చివరిదాకా అన్నీ ఎంపికవుతాయి. అడుగున ఎన్ని ఎంచారో సంఖ్య కనిపిస్తుంది. దాన్ని ఒకసారి చూడండి. "ప్రెస్ కంట్రోల్ ఎక్స్". గమ్యం ఫోల్డర్ షార్ట్‌కట్ మాట చెప్పండి. "ప్రెస్ కంట్రోల్ వి". అయిపోయింది. డెస్క్‌టాప్ జాబితాకి తిరిగొస్తే ఇంతకుముందు పైనున్న గుంపు ఇప్పుడు అడుక్కొచ్చి ఉంటుంది. మళ్లీ అవే మాటలు.

కట్ చేశాక భయపడి ఆగిపోయినా ఏమీ కాదు. అతికించేదాకా ఫైలు పాత చోటే మసకగా కనిపిస్తూ ఉంటుంది. తప్పు ఫోల్డర్‌లో అతికించారా? ఆ వెంటనే "ప్రెస్ కంట్రోల్ జెడ్" అంటే వెనక్కి వస్తాయి.

అంకెల దగ్గర సాధారణంగా తగిలే దెబ్బ ఇంగ్లీషు 13కీ 30కీ, 14కీ 40కీ, 15కీ 50కీ తేడా వినపడకపోవడం. విండోలో పైన మెనూ బటన్లకీ, ఎడమ పక్క ఫోల్డర్ల చెట్టుకీ కూడా అంకెలు పడతాయి కాబట్టి సంఖ్యలు ఇట్టే యాభై దాటేస్తాయి. వ్యూ మెనూలో షో కింద ఉన్న నావిగేషన్ పేన్ తీసేయండి. ఎడమ చెట్టు పోతుంది, అంకెలు బాగా తగ్గుతాయి. చిన్న మార్పే కానీ ఈ వ్యాసంలో ఒక్క సలహా మాత్రమే పాటించేటట్టయితే ఇది పాటించమంటాను.

గుంపుగా కాక ఒక్కో ఫైలు ఏరుకోవాల్సి వస్తే "ప్రెస్ కంట్రోల్ డౌన్" ఎంపికని చెదరగొట్టకుండా కిందికి నడుస్తుంది. కావాల్సిన దాని దగ్గర "ప్రెస్ కంట్రోల్ స్పేస్" అంటే అది కూడా ఎంపికలో చేరుతుంది.

వెతికి ఎంచుకునే దారి, దాని గోతులు

రకం వారీగా కాకుండా పేరులో ఏదో మాటను బట్టి ఏరాలంటే వెతుకులాట మేలు. "ప్రెస్ కంట్రోల్ ఎఫ్" అంటే వెతికే పెట్టెలోకి వెళ్తుంది. మాట చెప్పి ఎంటర్. ఫలితాలు వచ్చాక "ప్రెస్ కంట్రోల్ ఏ", కట్, అతికింపు. చెప్పడానికి ఇంతే, కానీ ఇందులో రెండు గోతులున్నాయి.

మొదటిది: ఫలితాలు వచ్చినా కర్సర్ ఇంకా వెతికే పెట్టెలోనే ఉంటుంది. అప్పుడు "కంట్రోల్ ఏ" అంటే పెట్టెలోని అక్షరాలు ఎంపికవుతాయి, ఫైళ్లు కాదు. "కంట్రోల్ ఎక్స్" అంటే ఆ అక్షరాలే పోతాయి, వెతుకులాట రద్దవుతుంది. ఏం జరిగిందో అర్థంకాక మళ్లీ మొదటికి. ఫలితాల్లో ఏదో ఒక ఫైలుని అంకెతో క్లిక్ చేశాకే అన్నీ ఎంచుకోండి.

రెండోది ఇంతకంటే లోతైనది. ఈ వెతుకులాట డెస్క్‌టాప్‌తో ఆగదు, దాని లోపలి ఫోల్డర్లలోకీ వెళ్తుంది. మీరు నిన్న జాగ్రత్తగా సర్ది "పేపర్ వర్క్"లో పెట్టిన ఫైళ్లు కూడా ఫలితాల్లోకి వచ్చేస్తాయి. "కంట్రోల్ ఏ" అన్నారంటే వాటినీ ఊడ్చుకుని కొత్త ఫోల్డర్‌లో కుమ్మరిస్తుంది. ఇందుకే గమ్యం ఫోల్డర్లు డెస్క్‌టాప్ బయట ఉండాలి. లేదంటే ఫలితాల పైన వచ్చే సెర్చ్ ఆప్షన్స్‌లో కరెంట్ ఫోల్డర్ అని ఎంచుకోవాలి.

పీఎన్‌జీ రకం బొమ్మలన్నిటినీ ఏరడానికి వాడే నక్షత్రం గుర్తు, చుక్క, పీఎన్‌జీ లాంటి వెతుకుడు సూత్రాలని నోటితో చెప్పడం యాతన. మధ్యలో ఖాళీ చొరబడుతుంది, చివర వాక్యం అనుకుని చుక్క పెడుతుంది. ఇలాంటి సూత్రాన్ని పాఠం అతికించే వాయిస్ షార్ట్‌కట్‌గా ఒకసారి చేసి పెట్టుకోండి. ఆ తర్వాత "ఓన్లీ స్క్రీన్‌షాట్స్" లాంటి రెండు మాటలతో సరి.

పలకలేని పేర్లు

కెమెరాలూ స్క్రీన్‌షాట్ ప్రోగ్రాములూ పెట్టే పేర్లలో తేదీ, గంట, నిమిషం, సెకను కలిసి పద్నాలుగు అంకెలుంటాయి. ఎవరూ పలకలేరు. ఇలాంటివన్నీ ఒకే విషయానికి చెందినవైతే అన్నిటినీ ఎంచి "ప్రెస్ ఎఫ్ టూ" అని, "కిచెన్ ప్లాన్" లాంటి ఒక్క పేరు చెప్పి ఎంటర్ అనండి. మొదటిదానికి 1, తర్వాతవాటికి 2, 3 అని బ్రాకెట్లలో అంకెలు వేసుకుంటూ అన్నిటి పేర్లూ ఒక్కసారిగా మారతాయి.

వేర్వేరు పేర్లు కావాలంటే మొదటి ఫైలు మీద "ప్రెస్ ఎఫ్ టూ", కొత్త పేరు, ఆ తర్వాత ఎంటర్‌కి బదులు "ప్రెస్ ట్యాబ్". అది ఈ పేరు ముగించి నేరుగా తర్వాతి ఫైలు పేరు పెట్టెలోకే తీసుకెళ్తుంది. పేరు, ట్యాబ్, పేరు, ట్యాబ్. ఎఫ్ టూ నొక్కినప్పుడు పేరు మాత్రమే ఎంపికవుతుంది, చివరి చుక్క తర్వాతి రకం గుర్తు అలాగే ఉంటుంది కాబట్టి ఫైలు పాడవుతుందన్న భయం అక్కర్లేదు.

ఇక్కడ వచ్చే లోపాలు పేరుని మాటతో టైపు చేయించడం వల్ల వచ్చేవే. ఆటోమేటిక్ విరామచిహ్నాలు ఆన్‌లో ఉంటే పేరుకి ప్రశ్నార్థకం తగిలించబోతుంది. ప్రశ్నార్థకం, కోలన్, స్లాష్, నక్షత్రం లాంటి తొమ్మిది గుర్తుల్ని విండోస్ ఫైలు పేరులో ఒప్పుకోదు. పేర్లు మార్చే ముందు వాయిస్ యాక్సెస్ సెట్టింగ్స్‌లో ఆ ఆటోమేటిక్ విరామచిహ్నాలు ఆపేయండి. వినపడని పేరుంటే "షో కీబోర్డ్" అనండి. తెర మీద కీబోర్డు వచ్చి ప్రతి కీకి ఒక అంకె ఉంటుంది. నిదానం, కానీ నికరం.

తీసేయడం

మాటతో నేరుగా డిలీట్ చెయ్యొద్దు. ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట. చేత్తో డిలీట్ నొక్కేటప్పుడు కన్ను, వేలు రెండూ ఆ ఫైలు మీదే ఉంటాయి. మాట వినేటప్పుడు మాత్రం యంత్రం ఎంపిక ఎక్కడుందో అక్కడ కొడుతుంది. అనవసరం అనిపించినవన్నీ "వెయిటింగ్ రూమ్" ఫోల్డర్‌లోకి కట్ చేసి పెట్టండి. రెండు మూడు వారాలు ఎవరూ అడగకపోతే ఆ ఫోల్డర్ ఒక్కదాన్నీ తీసేయవచ్చు.

విండోస్ 8 నుంచి "నిజంగా తీసేయమంటారా" అన్న ప్రశ్న మామూలుగా రాదు. రీసైకిల్ బిన్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఆ ప్రశ్నని తిరిగి ఆన్ చెయ్యండి. "ప్రెస్ షిఫ్ట్ డిలీట్" అనే మాటనే నోట్లోకి రానివ్వకండి, అది బిన్‌లోకి కూడా పంపకుండా తుడిచేస్తుంది.

మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే మీ డెస్క్‌టాప్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ లోపలికి మారి ఉంటుంది. అక్కడ తీసేసినది మీ ఖాతాతో కలిపిన మిగతా కంప్యూటర్లలోనూ పోతుంది. ఇది బ్యాకప్ అనుకుని ధైర్యంగా తీసేస్తే దెబ్బతింటారు. అది నకలు కాదు, అదే ఫైలు.

షార్ట్‌కట్ల విషయంలో భయం అక్కర్లేదు. మూలన బాణం గుర్తున్న ఐకాన్ తీసేస్తే ప్రోగ్రాం ఎక్కడికీ పోదు. కొన్ని షార్ట్‌కట్లు మాత్రం డెస్క్‌టాప్ ఫోల్డర్ జాబితాలో కనపడవు, తెర మీద కనపడతాయి. కంప్యూటర్ వాడే అందరికీ ఉమ్మడిగా ఉండే పబ్లిక్ ఫోల్డర్‌లో అవి ఉంటాయి. తెర మీద అవి కనపడటం విండోస్ ఈ రెండు ఫోల్డర్లనీ కలిపి చూపించడం వల్ల. వాటిని తీసేయబోతే అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది.

మ్యాక్ వాడేవాళ్లకి

మ్యాక్‌లో వాయిస్ కంట్రోల్ 2019లో క్యాటలీనా వెర్షన్‌తో వచ్చింది. పద్ధతి ఇదే, కొన్ని సౌకర్యాలు ఎక్కువ. "షో నంబర్స్", "షో నేమ్స్", "షో గ్రిడ్" మూడూ ఉన్నాయి. గ్రిడ్ తెరిచి "డ్రాగ్ 3 టు 14" అన్నట్టు రెండు గళ్లూ ఒకే మాటలో చెప్పవచ్చు. అంతకంటే మేలైనది 2018 నాటి మొహావీ వెర్షన్ నుంచి ఉన్న స్టాక్స్. ఫైండర్‌లో డెస్క్‌టాప్ మీద ఉండగా కంట్రోల్, కమాండ్, సున్నా కీలు నొక్కమని చెబితే ఐకాన్లన్నీ రకం వారీగా కుప్పలుగా చేరతాయి. 140 ఐకాన్లు ఏడెనిమిది కుప్పలవుతాయి. ఆ కుప్పని ఫోల్డర్ మీదకి లాగితే లోపలివన్నీ కలిసే వెళ్తాయి. లాగడం ఒక్కసారికే కాబట్టి ఇక్కడ దాన్ని తప్పుపట్టను.

కీలతోనే చెయ్యాలంటే షిఫ్ట్, కమాండ్, డి డెస్క్‌టాప్ ఫోల్డర్‌ని తెరుస్తుంది. ఎంచిన ఫైళ్ల మీద కంట్రోల్, కమాండ్, ఎన్ చెబితే వాటన్నిటినీ వేసుకుని కొత్త ఫోల్డర్ తయారవుతుంది. ఫైళ్లని కట్ చెయ్యడం మ్యాక్‌లో లేదు. కమాండ్ సితో కాపీ చేసి, గమ్యంలో ఆప్షన్, కమాండ్, వి అంటే కాపీ బదులు అసలు ఫైలే తరలివస్తుంది. ఆప్షన్ మర్చిపోతే రెండు ప్రతులవుతాయి, చిందరవందర రెట్టింపు.

రోజంతా మాటతోనే పనిచేసేవాళ్లు టాలన్ అనే సాఫ్ట్‌వేర్ చూడవచ్చు. మ్యాక్, విండోస్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. అందులో అక్షరాలకి "ఎయిర్", "బ్యాట్", "క్యాప్" అని ఒక్కో పొట్టి మాట ఉంటుంది. ఇంగ్లీషు "బి, సి, డి, ఈ" ఒకేలా వినపడే బాధ దీనితో పోతుంది. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. డెస్క్‌టాప్ సర్దడానికి మాత్రమే అయితే అంత శ్రమ దండగ.

గొంతు

540 మాటల లెక్కలో చెప్పని ఖర్చు గొంతుది. ఒకే శ్రుతిలో, ఒకే తరహా పొట్టి మాటలు గంటసేపు అంటే గొంతు బిగుసుకుంటుంది. తప్పు వినపడినప్పుడు స్వరం పెంచడం అలవాటైతే ఇంకా త్వరగా. చేతి నొప్పి తగ్గించుకోబోయి గొంతు నొప్పి తెచ్చుకోవద్దు. ఒక విడతకి ఒక గుంపు, పదిహేను ఇరవై నిమిషాలు, పక్కన మంచినీళ్లు. మూడుసార్లు చెప్పినా వినపడని కమాండ్‌ని నాలుగోసారి గట్టిగా చెప్పకండి. దానికి వేరే మాటతో షార్ట్‌కట్ చేసుకోండి.

మళ్లీ పేరుకోకుండా

చెత్త ఎక్కడినుంచి వస్తోందో ఆ తూము కట్టాలి. మ్యాక్‌లో షిఫ్ట్, కమాండ్, 5 నొక్కితే వచ్చే ఆప్షన్స్‌లో స్క్రీన్‌షాట్లు ఎక్కడ దాచాలో మార్చవచ్చు. విండోస్‌లో విండోస్ కీతో ప్రింట్ స్క్రీన్ నొక్కితే అవి పిక్చర్స్ లోపలి స్క్రీన్‌షాట్స్‌కే వెళ్తాయి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్ చోటు డెస్క్‌టాప్ అని ఉంటే మార్చండి. ప్రోగ్రాం ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు "డెస్క్‌టాప్ షార్ట్‌కట్" గడిలో టిక్ తీసేయండి. మాటతో పనిచేసేవాళ్లకి ఆ ఐకాన్ అవసరమే లేదు. "ఓపెన్" అని ప్రోగ్రాం పేరు చెబితే అది ఎక్కడున్నా తెరుచుకుంటుంది.

డెస్క్‌టాప్ మీద ఉంచాలనుకున్న నాలుగైదు షార్ట్‌కట్లకి, అంకె అక్కర్లేకుండా "డబుల్ క్లిక్" అని పేరు పలికితే చాలేటట్టు, పలకడానికి వీలైన పేర్లు పెట్టండి. కంపెనీ పేరు, వెర్షన్ సంఖ్య, సంవత్సరం కలిసిన నాలుగు మాటల పేరుని ఎఫ్ టూతో "ఎడిటర్" అనో "అకౌంట్స్" అనో మార్చవచ్చు. షార్ట్‌కట్ పేరు మారినంత మాత్రాన ప్రోగ్రాంకి ఏమీ కాదు.